ఎడారిలో ఆడవాళ్ళు లేరని ఎవరన్నారు?

యుద్ధ సినిమాల గురించి ఎప్పుడు మాట్లాడినా మనకు ఒకే జవాబు ఎదురవుతుంది. 'యుద్ధరంగంలో ఆడవాళ్ళెందుకుంటారండీ? లేనివాళ్ళను ఎక్కణ్ణుంచి తెచ్చి చూపిస్తారు?' అని. ఫిల్మ్ సొసైటీల్లో, క్లాసురూముల్లో, సాహిత్య సభల్లో ఈ మాట అనేవాళ్ళు ఇక చర్చించటానికేమీ మిగల్లేదన్నంత ధీమాగా అంటారు. 1943లో వచ్చిన 'సహారా'ను ముందు పెట్టుకుని ఈ ధీమా ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

జోల్టాన్ కోర్డా దర్శకత్వం, హంఫ్రీ బోగార్ట్ కథానాయకుడు. 1942 జూన్‌లో టోబ్రుక్ జర్మన్ల చేతిలో పడ్డాక అమెరికన్ సార్జెంట్ జో గన్ తన ట్యాంకుతో సహా లిబియా ఎడారిలో చిక్కుకుపోతాడు. దారిలో బ్రిటిష్, ఫ్రెంచ్, దక్షిణాఫ్రికా సైనికులు కలుస్తారు. టాంబుల్ అనే సూడాన్ సార్జెంటు, అతని దగ్గర బందీగా ఉన్న గ్యుసెప్పె అనే ఇటాలియన్ కూడా వచ్చి చేరతారు. నీళ్ళు అయిపోతుంటాయి. మొదట చేరిన బావి ఎండిపోయి ఉంటుంది. బీర్ అక్రోమా అనే చోట పాత బావిలో చుక్కచుక్కగా నీరు ఊరుతుంటుంది. దాహంతో అలమటిస్తూ 500 మంది జర్మన్ దళం అటే వస్తుంది. బావి ఎండిపోయినా నిండుగా ఉందని నమ్మించి, 'తుపాకులిస్తే నీళ్ళిస్తాం' అని బేరం పెట్టి తొమ్మండుగురు వాళ్ళను ఆపుతారు. చివరికి ఇద్దరే మిగులుతారు. ఒక గుండు పడి బావిలో జల పగులుతుంది. జర్మన్లు ఆయుధాలు పారేసి ఆ నీళ్ళ కోసం పాకుతూ వస్తారు.

అభ్యుదయవాదులు ఈ సినిమాను ఇష్టపడటానికి తగిన కారణాలే ఉన్నాయి. రచయితల్లో ఒకడైన జాన్ హోవర్డ్ లాసన్ కమ్యూనిస్టు. తర్వాత 'హాలీవుడ్ టెన్'లో ఒకడిగా 1950లో జైలుకు వెళ్ళాడు. అమెరికా సైన్యంలో నల్లవాళ్ళను వేరే దళాల్లో ఉంచిన రోజుల్లో, రెక్స్ ఇంగ్రామ్ వేసిన టాంబుల్ పాత్రకు ఈ సినిమా ఎంతో గౌరవం ఇచ్చింది. దారి తెలిసిందీ, బావిలోకి దిగిందీ అతనే. దీన్ని తక్కువ చేసి మాట్లాడనక్కర్లేదు. పైగా, రంగు పేరుతో జరిగే అన్యాయాన్ని అంత స్పష్టంగా చూసిన కన్ను మన దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మూసుకుందన్న ప్రశ్న ఇలాంటి సినిమానే అడగాలి. పచ్చి మగ దురహంకార సినిమాను అడిగి ఏం లాభం?

అసలు విషయం ఇప్పుడు చెప్తాను. ఈ కథ హాలీవుడ్ సొంతం కాదు. 1937లో సోవియట్ దర్శకుడు మిఖాయిల్ రోమ్ తీసిన 'పదమూడుగురు' దీనికి మూలం. అక్కడా ఎడారే, బావే, చుట్టుముట్టిన శత్రువే. సైన్యం నుంచి విడుదలై ఇళ్ళకు పోతున్న పదిమంది సైనికులు, ఒక భూగర్భ శాస్త్రవేత్త, ఒక సరిహద్దు దళ కమాండరు, అతని భార్య. ఆమెను కలిపితేనే లెక్క పదమూడవుతుంది. యెలెనా కుజ్మినా ఆ పాత్ర వేసింది. రోమ్ సినిమాకు ప్రేరణ అనదగ్గ 'ది లాస్ట్ పెట్రోల్'ను జాన్ ఫోర్డ్ 1934లో తీశాడు. ఎడారిలో దారితప్పిన ఆ దళంలో అందరూ మగవాళ్ళే. అంటే 1934లో లేని స్త్రీ 1937లో వచ్చింది, 1943లో మళ్ళీ పోయింది. 'ఎడారిలో ఆడవాళ్ళుండరు' అన్నది ప్రకృతి ధర్మమైతే మధ్యలో ఆమె ఎలా వచ్చింది? చేతిలో ఉన్న కథలోంచి ఆమెను తీసేస్తే తప్ప 'సహారా' అచ్చంగా మగవాళ్ళ సినిమా కాలేదు.

తీసేశాక ఖాళీ అయిన ఆ చోట ఏం పెట్టారో చూడండి. ట్యాంకుకు 'లూలూబెల్' అని ఆడపేరు పెట్టారు. దాన్ని ముద్దు చేస్తారు, బతిమాలతారు, 'ఆమె' అంటారు. గ్యుసెప్పె జేబులో భార్యాబిడ్డల ఫోటో ఉంటుంది. ఇక మూడోది హాస్యం. టెక్సాస్ సైనికుడు టాంబుల్‌ను నలుగురు భార్యల సంగతి అడుగుతాడు. ధర్మం ఒప్పుకున్నా తన భార్య ఒప్పుకోదని టాంబుల్ అంటాడు. ఇద్దరూ దగ్గరవుతారు. తెల్ల మగవాడికీ నల్ల మగవాడికీ మధ్య వంతెన కావలసి వచ్చినప్పుడు ఎదురుగా లేని భార్యలే పనికొచ్చారు. ఒక యంత్రం, ఒక ఫోటో, ఒక జోకు: మనకు దక్కిన వాటా ఇది.

అయితే నా అసలు ఫిర్యాదు పాత్రల సంఖ్య గురించి కాదు. ఆ తొమ్మండుగురిలో ఒక నర్సునో, గూఢచారిణినో చేర్చినంత మాత్రాన నేను తృప్తిపడను. సినిమా పొడవునా వీళ్ళు చేసే పని ఏమిటి? నీళ్ళు వెతకటం, ఊరేదాకా కాచుకోవటం, ఒలికిపోకుండా పట్టటం, ఎవరికెన్ని గుక్కలో లెక్కపెట్టి పంచటం, శత్రువుకైనా గొంతు తడపాలా వద్దా అని తేల్చుకోవటం. యుగాలుగా ఈ పని ఎవరిది?

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో దీనికి జవాబు చెప్పటానికి ఎవరూ ఆలోచించనక్కర్లేదు. గుండ్లకమ్మ ఎండిన రోజుల్లో ఏట్లో ఇసుక తోడి, చెలమ తీసి, ఊరేదాకా గట్టున కూర్చుని, మట్టి కదలకుండా గిన్నెతో తోడి, గుడ్డ వేసి వడకట్టి బిందె నింపుకున్న వాళ్ళను అడగండి. టాంబుల్ బావి అడుగున చేసింది అక్షరాలా ఇదే. ఇంటికి తెచ్చిన నీళ్ళు ముందు పసిబిడ్డకు, తర్వాత మంచంలో ఉన్న అత్తకు, కూలికెళ్ళి వచ్చిన మొగుడికి, గొడ్డుకు. మిగిలితే తనకు. జో గన్ సీసా మూత పట్టుకుని గుక్కలు లెక్కపెడితే దాన్ని నాయకత్వమన్నారు. ఆమె లెక్కపెడితే ఇంటి చాకిరీ అయింది. ఆ చాకిరీకి కూలి లేదు, పతకం లేదు, నేపథ్య సంగీతం అసలే లేదు.

బీర్ అక్రోమాలో నీళ్ళు పడగానే సినిమా సుఖాంతమైంది. కనిగిరి వైపు నీళ్ళు పడ్డాకే అసలు కథ మొదలవుతుంది. అక్కడ భూమిలోని నీటిలో ఫ్లోరైడ్. తాగినవాళ్ళ పళ్ళు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి. మోసేదీ ఆమే, తాగేదీ ఆమే, వంగిన నడుముతో మళ్ళీ మోసేదీ ఆమే. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. దాని జంట సొరంగాలను 2024లో జాతికి అంకితం చేసేనాటికి, ఆ శంకుస్థాపన ఏడాది పుట్టిన ఆడపిల్లకు 28 ఏళ్ళు. ఎదురుచూడటం కూడా సాహసమే అయితే ఈ పిల్ల మీద ఎన్ని సినిమాలు రావాలి?

మిరప కోతల కాలంలో కర్నూలు పడమటి మండలాల నుంచి పిల్లాజెల్లాతో వలస వచ్చి చేలగట్ల మీద గుడిసెలు వేసుకునే కుటుంబాలున్నాయి. పొద్దుటి నుంచీ కాయలు కోసిన చేతులు భగ్గున మండుతుంటాయి. కడుక్కుందామంటే క్యాన్‌లో ఉన్నవి తాగే నీళ్ళే. ఆ చేతులతోనే పసిబిడ్డను ఎత్తుకోవాలి. నీళ్ళు చేతులకా, గొంతుకా అని ఆ తల్లి తేల్చుకునే క్షణాన్ని ఏ కెమెరా క్లోజప్‌లో చూపించింది?

'యుద్ధం వేరు, కరువు వేరు. రెంటినీ కలిపి గందరగోళం చేస్తున్నారు' అంటారు. 2023 నవంబరు 30 గుర్తు చేస్తాను. నాగార్జునసాగర్ డ్యామ్ మీద 26 గేట్లలో 13 గేట్ల దాకా ఆంధ్ర పోలీసులు స్వాధీనం చేసుకుని ముళ్ళకంచె వేశారు. తెలంగాణ పోలీసులు ఎదురు నిలబడ్డారు. కుడికాలువకు నీళ్ళు వదిలారు. గుంటూరు, ప్రకాశం మైదానాలు తాగేది ఆ కాలువ నీళ్ళే. ప్రభుత్వం చెప్పిన కారణం కూడా తాగునీరే. నీటి కోసం సాయుధులు ఎదురెదురుగా నిలబడ్డ ఆ రోజు పత్రికలకు, టీవీలకు పండగ. ఆ నీటిని చెరువు దగ్గర్నుంచి ఇంటికి చేర్చే పని మాత్రం ఏ రోజూ వార్త కాదు. నీటి కోసం తుపాకి పడితే చరిత్ర, బిందె పడితే దినచర్య.

ఇక లిబియా ఎడారి ఎవరూ లేని ఇసుక మైదానమేమీ కాదు. అరబ్బీలో 'బీర్' అంటే బావి. ఆ బావిని ఎవరో తవ్వారు, ఎవరో తరతరాలుగా తోడుకున్నారు. 1930 తర్వాత ఆ సైరెనైకా ప్రాంతంలోనే ఇటలీ సైన్యం స్త్రీలూ పిల్లలూ సహా లక్షమంది దాకా సంచార ప్రజలను నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. వేలాదిమంది అక్కడే చనిపోయారు. ఒమర్ ముఖ్తార్‌ను ఉరి తీసింది 1931లో. పన్నెండేళ్ళకే వచ్చిన ఈ సినిమాలో మంచి ఇటాలియన్ ఉన్నాడు, చెడ్డ జర్మన్ ఉన్నాడు. బావి గల ఇల్లాలు మాత్రం లేదు. ఆమె ఉంటే ఎవరి బావి కోసం ఎవరు చస్తున్నారన్న ప్రశ్న వచ్చేది.

మనవాళ్ళలో కొందరికి ఇంకో బాధ ఉంది. ఆ ఎడారిలో నాలుగో భారత డివిజన్ పోరాడింది, మద్రాసు శాపర్స్ ఉన్నారు, టోబ్రుక్‌లో భారత బ్రిగేడు బందీ అయింది, అయినా సినిమాలో ఒక్క భారతీయుడూ లేడు అని. నిజమే, అది అన్యాయమే. కానీ ఆ ఖాళీలో మన మగవాళ్ళను నింపితే మన లెక్క సరిపోతుందా? 2015లో వచ్చిన 'కంచె' రెండో ప్రపంచయుద్ధంలోకి తెలుగు సైనికుణ్ణి తీసుకెళ్ళింది, కులాన్ని కూడా ప్రశ్నించింది. మెచ్చుకోవలసిందే. అందులోనూ హీరో యుద్ధానికి పోయేసరికి నాయిక చనిపోయి జ్ఞాపకంగా మారింది. గ్యుసెప్పె జేబులో ఫోటోకు కాస్త పెద్ద సైజు.

చివర్లో అల్ అలమీన్ గెలుపు వార్త విని జో గన్ చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదువుతాడు. చాలామంది అక్కడ కంటతడి పెడతారు. పేరు పెట్టి తలుచుకోవటం ఎంత పెద్ద గౌరవమో ఆ సినిమాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను. 1965 నుంచి 'జై జవాన్, జై కిసాన్' అంటున్నాం. మనం అనుకునే జవాను మగవాడే, కిసానూ మగవాడే. పట్టా పాసుపుస్తకంలో పేరు లేక, పత్తిచేలో, మిరపచేలో బతుకంతా వంగి పనిచేసినా రైతు అనిపించుకోని ఆడవాళ్ళ పేర్లు ఎవరు చదవాలి?

యుద్ధసాహిత్యం, సినిమా బోధించే అధ్యాపకురాళ్ళం మనలో చాలామంది ఉన్నాం. ఇకనుంచి ఇలాంటి సినిమా వేసినప్పుడల్లా 'నీళ్ళు ఎవరు తెచ్చారు? బావి ఎవరిది? పంచింది ఎవరు?' అన్న మూడు ప్రశ్నలు బోర్డు మీద రాద్దాం. పిల్లల్ని వాళ్ళ అమ్మమ్మల దగ్గరికి, నాయనమ్మల దగ్గరికి పంపి చెలమల కథలు, కోతల కథలు పేర్లతో సహా రాయించుకు రమ్మందాం. ఆ కథలు చదివిన పిల్లలెవరూ ఎడారిలో ఆడవాళ్ళుండరని అనలేరు.