దూతను దూషించే కవులకు

ఉగాది కవిసమ్మేళనాలలో చరవాణి మీద కవిత వినిపించని సంవత్సరాన్ని ఈ మధ్య నేను చూడలేదు. (చరవాణి అన్న మాట తరగతిలో నేర్చుకొన్నాను, ఇంట్లో ఎవరూ అనరు.) అది రాక్షసి, అరచేతి సంకెల, సంసారాలను మింగిన పాము. ఏటేటా ఇవే పోలికలు. ఒకసారి ఒక కవిగారు ఆ నిందాకవితను తమ ఫోను తెర మీద చూస్తూనే చదివారు. సభ చప్పట్లు కొట్టింది. ఆ దృశ్యాన్ని ఫోనులలో చిత్రీకరిస్తున్నవారికి మాత్రం చేతులు ఖాళీ లేవు.

ఈ ధోరణిని నేను అంగీకరించలేను. మన కావ్యసంప్రదాయంలో వార్తాహరునికి గౌరవస్థానం ఉంది. నలదమయంతుల నడుమ హంస ఎగిరింది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని వేడుకొన్నాడు. 1941లో జాషువ గబ్బిలాన్ని ఎంచుకొన్నాడు. అతని కథానాయకునికి గుడిలో ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. ఈ కవులెవ్వరూ దూతను తిట్టలేదు. సందేశం పంపే మనిషి ఎడబాటును, అతనికి జరిగిన అన్యాయాన్ని చూశారు. మన ఫోను కవితలలో కనిపించనిది ఆ మనిషే.

దూత లేకపోవడమంటే ఏమిటో మా ఇంటివారికి తెలుసు. మా తాత మద్రాసు రేవులో ఓడ ఎక్కి, గిర్మిట్ కూలీగా ఫిజీ చెరకుతోటలకు వెళ్లారు. యక్షుని శాపం ఒక్క ఏడాది. గిర్మిట్ గడువు 5 ఏళ్లు. సర్కారు ఖర్చుతో తిరిగి రావాలంటే 10 ఏళ్లు ఆగాలి. తాతకు రాయడం రాదు. ఎవరిచేతనో రాయించిన ఉత్తరాలకు జవాబు రాలేదు. తల్లి ఉన్నదో పోయిందో తెలియక, ఒక వయసు దాటాక ఇక ఉండదనుకొని, మహాలయ అమావాస్యనాడు ఆమెకు నీళ్లు వదిలారు. అటువంటి ఇంట పుట్టిన నాకు, ఫోనును రాక్షసి అంటే ఒళ్లు మండుతుంది.

భోజనాల బల్ల దగ్గర తలలు వంచుకొని కూర్చునే పిల్లలు అబద్ధమా? కాదు. పెద్దలమూ అంతే. కాని ఆ కవితలు చేతికందిన ముద్దాయిని పట్టుకొని అసలు నేరాన్ని వదిలేస్తున్నాయి. వేసవిలో కాలిఫోర్నియాలో రాత్రి 8 గంటలైతే విశాఖలో మర్నాటి ఉదయం 8:30. అమ్మమ్మ కాఫీ గ్లాసుతో తెర ముందుకు వస్తుంది.

"బాగున్నావా నాన్నా?"

"బాగున్నాను."

అంతే. ఆపైన మనుమడికి తెలుగు లేదు, అమ్మమ్మకు ఇంగ్లీషు లేదు. ఇద్దరూ నవ్వుతారు, ఫోను మరొకరి చేతికి మారుతుంది. దూత సముద్రాలు దాటి వచ్చి నిలబడితే, చెప్పి పంపడానికి మన పిల్లల దగ్గర మాట లేదు. ఈ మౌనం మీద కవిత ఏది? అది రాయాలంటే తల్లిదండ్రులు, తాతలు, మనమే బోనెక్కాలి. ఫోనును ఎక్కించడం తేలిక.

అరవై దాటాక సాయంకాలపు తరగతిలో ఓనమాలు దిద్దిన విద్యార్థిని నేను. నా పక్కన కూర్చునే అమ్మాయి మొన్న తన నాయనమ్మ పంపిన వాయిస్ మెసేజ్ వినిపించింది: "నీ మీద బెంగగా ఉందే తల్లీ." బెంగ అంటే ఏమిటని నన్ను అడిగింది. ఆ మాట నేను తరగతిలో నేర్చుకొన్నది కాదు, ఫిజీలో తాత నోట విన్నది. తెలిసినంతవరకు చెప్పాను. ఆ అమ్మాయి మెసేజ్ మళ్లీ రెండుసార్లు విని, జవాబు ఎలా చెప్పాలో తెలుగులో నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టింది.