సర్కారుకు కట్టిన పైసలూ తిరిగొస్తాయి

విదేశం నుంచి తెప్పించుకున్న పాత సామానుపై సుంకం పడితే కేతేపల్లిలోనైనా నకిరేకల్‌లోనైనా వినిపించే సలహా ఒక్కటే: "సర్కారుకు పోయిన పైసలు మళ్ల వస్తయా? కట్టి, డబ్బా తెచ్చుకో." అనుభవజ్ఞుల మాటగా చెలామణి అవుతున్న ఈ సలహా తప్పు. అది చట్టానికి పొసగదు, కష్టపడి సంపాదించిన వాళ్ల హక్కును వాళ్ల చేతనే వదిలేయిస్తుంది.

1962 నాటి కస్టమ్స్ చట్టం 79వ సెక్షన్ ప్రకారం, ప్రయాణికుడు ఒక వస్తువును నిబంధనల్లో చెప్పిన కనీస కాలం వాడాడని అధికారికి నమ్మకం కుదిరితే దాన్ని సుంకం లేకుండా వదలవచ్చు. నివాసం మార్చుకుని స్వదేశానికి వచ్చేవారికి 2016 నాటి బ్యాగేజీ నియమాలు వేరే మినహాయింపు ఇచ్చాయి. రెండేళ్లు, ఆపైన బయట ఉండి వచ్చినవారికి అది 5 లక్షల రూపాయల దాకా ఉండేది. అన్నింటికీ మినహాయింపు లేదన్నది నిజమే. ఫ్లాట్ టీవీలకు 2013 ఆగస్టు 26 నుంచే ఆ వెసులుబాటు పోయింది. కానీ గీతలు పడ్డ మిక్సీ, అంచులు చిరిగిన రగ్గు, పిల్లలు తొక్కి వదిలేసిన సైకిలు టీవీలు కావు కదా! వాటన్నింటినీ కలిపి 40,000 విలువగట్టారనుకుందాం. 35 శాతం సుంకం, దానిపై పదో వంతు సర్‌చార్జీ కలిపి 38.5 శాతం చొప్పున 15,400 రూపాయలు కట్టాలి. కూలి పని మీద గల్ఫ్ పోయి వచ్చినవాడికి ఇది చిన్న సొమ్మా?

"అర్జీ పెట్టినవాళ్లకు మాత్రం ఏం వచ్చింది?" అంటారు. రాకపోవడానికి కారణం ఉంది. 27వ సెక్షన్ కింద డబ్బు వాపసు ఇమ్మని ఉత్తరం రాస్తే చాలనుకుంటారు. సుంకం విధించిన ఉత్తర్వు సరైన పద్ధతిలో మారితే తప్ప వాపసు అడగడం కుదరదని ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు 2019 సెప్టెంబర్ 18న తేల్చింది. కాబట్టి ముందు చేయాల్సింది 128వ సెక్షన్ కింద కమిషనర్ (అప్పీల్స్) దగ్గర అప్పీలు. గడువు 60 రోజులు. తగిన కారణం చూపితే మరో 30 రోజులు దొరకవచ్చు. అప్పీలుపై ఉత్తర్వు మన వైపు వస్తే, దాని తేదీ నుంచి ఏడాదిలోగా వాపసు కోరవచ్చు. దరఖాస్తు పెట్టిన మూడు నెలల్లో డబ్బు ఇవ్వకపోతే వడ్డీ కూడా చెల్లించాలని 27ఏ చెబుతోంది. వరుస తప్పి అడిగి, లేదనిపించుకుని వచ్చిన వాళ్లను చూసే ఊళ్లో ఆ సలహా పుట్టింది.

సుంకం కట్టేశాం కాబట్టి ఒప్పుకున్నట్టేనని కొందరి వాదన. గోదాములో రోజురోజుకూ అద్దె పెరుగుతుంటే డబ్బు కట్టి సామాను విడిపించుకోవడం గత్యంతరం లేక చేసే పని. అభ్యంతరం తెలుపుతూ కట్టే వీలు చట్టంలోనే ఉంది. ఆ మాట రాతలో ఉంటే వాపసుకు ఏడాది గడువు అడ్డురాదు, అప్పీలు గడువు మాత్రం దాటకూడదు. వదిలేస్తే దొంగ సరుకు కూడా పాత సామాను పేరుతో వస్తుందన్న భయం అర్థం లేనిదేమీ కాదు. దానికి మందు వస్తువు వస్తువునూ చూసి తేల్చడమే గానీ, అన్నింటికీ కలిపి ఒక్క అంకె వేయడం కాదు. డబ్బున్నోళ్ల గొడవ మనకెందుకు అనేవాళ్లు ఒకటి గమనించాలి. వ్యాపారి కట్టిన సుంకాన్ని ధరలో కలిపి కొనేవాడి దగ్గర వసూలు చేసుకోగలడు, సొంత వాడకానికి తెచ్చుకున్నవాడికి ఆ దారి లేదు. అందుకే సుంకం భారం ఇంకొకరిపై వేశాడన్న కారణంతో వాపసు ఆపే నిబంధన నుంచి అతన్ని 27వ సెక్షనే తప్పించింది.

అసలు అన్యాయం దూరంలో ఉంది. డబ్బా ముంబై దగ్గరి నవా షేవా రేవులో విడుదలైతే అప్పీలు ముంబైకే పోవాలి. అక్కడ ఓడితే, బ్యాగేజీ కేసు కాబట్టి ట్రిబ్యునల్‌కు వెళ్లే వీలుండదు, 129డీడీ కింద కేంద్ర ప్రభుత్వానికే రివిజన్ పెట్టుకోవాలి. వివాదం 5,000 రూపాయలు దాటకపోతే ఆ అర్జీ తీసుకోకుండా ఉండే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. అరవై ఐదో నంబరు జాతీయ రహదారి మీద డబ్బాను కేతేపల్లి దాకా తెచ్చుకున్న మనిషి చేతిలోని సుంకం రసీదు మీదే అప్పీలు ఎక్కడ, ఎన్నాళ్లలోగా పెట్టాలో తెలుగులో అచ్చు వేయాలి, వాడిన వస్తువులకు వేరే గడి పెట్టాలి. ముంబైకి వెళ్లకుండా హైదరాబాద్‌లోనే ఆ కాగితాలు తీసుకోవాలి.