మూలపురుషుడు సరే, ఆ తల్లి ఏదీ?

దక్షిణాఫ్రికా డచ్చి వలసదారుల వంశవృక్షాలు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ప్రతి కుటుంబానికీ ఐరోపా ఓడ దిగిన మూలపురుషుడొకడు. ఆపైన కొడుకులు, మనుమలు. 1890లలో అచ్చయిన డివిలియర్స్ వంశావళిదీ ఇదే బాణీ.

స్నైమన్ వంశాన్నే చూడండి. మూలపురుషుడు హాన్స్ క్రిస్టఫెల్, కుంఫిణీ సిపాయి. డచ్చివాడా అంటే అదీ కాదు, జర్మను! బిడ్డను కన్నది కత్రైన్. ఆమె ఊరు పులికాట్, మన సూళ్ళూరుపేట పక్కనున్న సరస్సు ఒడ్డున. బానిస. బటేవియాలో హత్యానేరం మీద మరణశిక్ష పడి, అది యావజ్జీవ ప్రవాసంగా మారగా 1657లో కేప్ చేరింది. కుంఫిణీ రాతల్లో ఆమెకు ఇంటిపేరు లేదు, ‘పులికాట్ కత్రైన్’, అంతే. ఆ కత్రైన్ అన్నదీ డచ్చివారి పిలుపే. కొడుకు క్రిస్టఫెల్ ఒంట్లో నెత్తురు సగం ఆమెది. వంశం మాత్రం సిపాయిది! దీన్ని పరిశోధన అనమంటారా?

ఎక్కడి స్నైమన్ల గొడవో నీకెందుకంటారేమో. మా ఇంట్లోనూ ఏడు తరాల వృక్షముంది. ఆడపేరు ఒక్కటీ లేదు. మా తాతమ్మ పేరు చేర్చబోతే బాబాయి, “అది వాళ్ళ పుట్టింటివాళ్ళ వృక్షంలో ఉంటుందిలేరా” అన్నారు.

వెళ్ళి అదీ చూశాను. అక్కడా లేదు.