పడవకు నంబరుంది, ఎక్కిందెవరు?

బిలాస్‌పూర్‌లో కూర్చుని పడవల గురించి రాయడమేమిటని నవ్వుకోవచ్చు. ఎండాకాలం వస్తే మా అర్పా నదిలో ఇసుకే కనిపిస్తుంది. కానీ ఈ రైల్వే ఊరు దాటే ప్రతి బొగ్గు వ్యాగన్ మీదా 11 అంకెల నంబరుంటుంది. అది ఎక్కడుందో కంప్యూటర్ చెబుతుంది. పడవల మీద మనకు ఆ పట్టు లేదు.

2008 నవంబరు 26న ముంబయిపై విరుచుకుపడిన పది మంది ఉగ్రవాదులు సముద్రంలో 'కుబేర్' అనే గుజరాత్ చేపల బోటును చేజిక్కించుకుని, అందులోనే ముంబయి దగ్గరకు వచ్చారు. అది మన బోటే. అన్ని బోట్ల మధ్య దాన్ని ఎవరు వేరుగా చూస్తారు? ఆ తర్వాత రిజిస్ట్రేషన్ బిగించారు, మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులిచ్చారు, 20 మీటర్లు దాటిన బోట్లకు ఉనికి తెలిపే ఏఐఎస్ పరికరం తప్పనిసరి చేశారు. చిన్న బోట్లకు ఆ నిబంధన లేదు. అసలు బెంగ అక్కడే.

నదుల విషయానికొస్తే, 1917 నాటి చట్టం స్థానంలో 2021లో దేశీయ నౌకల చట్టం వచ్చింది. ఒక రాష్ట్రంలో చేయించిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది, వివరాలు కేంద్ర డేటాబేస్‌లో చేరాలి. మంచిదే. అయితే బోటును తెల్లకాగితం మీద అమ్మేసి పేరు మార్పించకపోతే, రేపు దర్యాప్తు పాత యజమాని గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి అమ్మకం నమోదు, వేటకెళ్లే ప్రతిసారీ ఎక్కినవారి పేర్లు, ఈ రెండూ రేవులోనే జరగాలి. వాటికోసం మత్స్యకారుణ్ని జిల్లా కేంద్రం చుట్టూ తిప్పితే అతను కాగితాలు మానేస్తాడు. సముద్రంలో కొత్త ముఖాన్ని ముందుగా గుర్తుపట్టేది అతనే.