ముహూర్తం పెట్టేది వీసానే!

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్లు ఈ కాలంలో ఉండి ఉంటే, పెండ్లి అమెరికాలో చేసి చూడు అని ఇంకో మాట కలిపేవాళ్లేమో!

2023 నవంబరు 1న వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠి ఇటలీలోని టస్కనీలో పెండ్లి చేసుకున్నారు. అంతకుముందు 2017లో విరాట్ కోహ్లి, అనుష్క శర్మల పెండ్లీ అక్కడే. 2018లో దీపిక, రణ్‌వీర్‌ల పెండ్లి అదే దేశంలో కోమో సరస్సు ఒడ్డున. వరుణ్ తేజ్ పెండ్లి జరిగిన నెలలోనే, 26వ తేదీన, ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో కొన్ని కుటుంబాలు పెండ్లిళ్లు విదేశాల్లో చేస్తున్నాయని, ఇది అవసరమా అని అడిగారు. మన సొమ్ము మన దేశంలోనే ఖర్చు కావాలన్నది ఆయన మాట. దాంతో విదేశంలో పెండ్లి అంటే డబ్బున్నవాళ్ల డాబు అన్న అభిప్రాయం అందరిలో స్థిరపడింది.

నేనుండేది కడప జిల్లా పెండ్లిమర్రిలో. మా ఊరి పేరులోనే పెండ్లి ఉంది. నాకు తెలిసిన ఇళ్లలో ఇటలీ వెళ్లి పెండ్లి చేసే స్తోమత ఎవరికీ లేదు. అయినా మా చుట్టుపక్కల పిల్లల పెండ్లిళ్లు సముద్రం అవతల జరుగుతున్నాయి. అది డాబుకు కాదు. మరెందుకు?

వస్తే తిరిగి పోతామా?

అమ్మాయి అక్కడే ఎమ్మెస్ చేసి ఉద్యోగంలో చేరింది. అబ్బాయీ అంతే. ఇద్దరూ హెచ్-1బి మీద ఉన్నారు. పెండ్లికి ఊరికి రావడం కష్టం కాదు, తిరిగి పోవడమే కష్టం. పాస్‌పోర్టులో వీసా గడువు దాటి ఉంటే మళ్లీ స్టాంపింగ్ వేయించుకోవాలి. ఏ దేశం వాళ్లు ఆ దేశంలోనో, తాము నివాసముండే దేశంలోనో వీసాకు దరఖాస్తు చేయాలని 2025 సెప్టెంబరులో అమెరికా చెప్పింది. అదే ఏడాది డిసెంబరు 15 నుంచి హెచ్-1బి వాళ్ల, వాళ్ల మీద ఆధారపడిన హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాలు కూడా చూడడం మొదలుపెట్టారు. ఆ నెలలో ఇంటర్వ్యూ ఉన్న చాలామందికి తేదీలు 2026 మార్చికి, ఆ తర్వాతకి జరిగిపోయాయి. మూడు వారాల సెలవు మీద వచ్చినవాళ్లు నెలల తరబడి ఇక్కడే ఉండాల్సి వస్తే ఆ ఉద్యోగం ఏమవుతుంది? ఇది విన్న పిల్లలు, "అమ్మా, మేం రాలేం, మీరే రండి" అంటున్నారు. తప్పు పట్టగలమా?

ఇక్కడొక సంగతి ఆడపిల్లల తల్లులు గమనించాలి. అమ్మాయి ఇక్కడ, అబ్బాయి హెచ్-1బి మీద అక్కడ ఉంటే లెక్క తిరగబడుతుంది. పెండ్లి అయ్యాకే ఆమెకు హెచ్-4 వీసా. కాబోయే భార్యగా తీసుకుపోయే వీసా అమెరికా పౌరులకు మాత్రమే ఉంది, అదీ అక్కడ దిగిన 90 రోజుల్లో పెండ్లి చేసుకోవాలన్న షరతు మీద. కాబట్టి "విజిటింగ్ వీసా మీద పంపండి, అక్కడే పెండ్లి చేసి ఉంచేసుకుంటాం" అని ఎవరైనా అంటే వెంటనే తల ఊపకండి. ముందు వీసా సంగతులు తెలిసిన వకీలును అడగండి.

మన జిల్లాకు విదేశమంటే మొదట కువైట్. అక్కడ పనిచేసే వాళ్ల ఇండ్లలో పెండ్లి ఊర్లోనే జరుగుతుంది. సేఠ్ ఎప్పుడు సెలవిస్తే అప్పుడే ముహూర్తం. కువైట్ పెండ్లికి సెలవు, అమెరికా పెండ్లికి వీసా. పంచాంగం రెండుచోట్లా వెనకే!

తల్లి లేని పందిరి

పిల్లలు "మీరే రండి" అంటారు సరే, రావడం మన చేతిలో ఉందా? కడప నుంచి హైదరాబాదుకో, మద్రాసుకో పోయి ఇంటర్వ్యూకు నిలబడాలి. తేదీ దొరకడానికే నెలలు పడుతుంది. 79 ఏళ్లు దాటిన అవ్వాతాతలకు అంతకుముందు ఇంటర్వ్యూ మినహాయింపు ఉండేది. 2025 సెప్టెంబరు 2 నుంచి అదీ తీసేశారు. వాళ్లూ వచ్చి నిలబడాల్సిందే.

మా మండలంలోనే ఒకామె కూతురి పెండ్లి డల్లాసులో జరిగింది. నాయనకు వీసా వచ్చింది, అమ్మకు రాలేదు. వేసవిలో అక్కడ పొద్దున పదిన్నర ముహూర్తమంటే మనకు రాత్రి తొమ్మిది. ఆమె పట్టుచీర కట్టుకుని, చుట్టుపక్కల ఆడోళ్లను పిలిచి, టీవీలో పెండ్లి చూసింది. కన్యాదానం వేళకు పీటల మీద ఆమె చోటులో మేనత్త కూర్చుంది. "అందరూ బాగా జరిగిందంటున్నారు, బాగానే జరిగింది" అని మాత్రం నాతో అంది. ఇంకేమీ అనలేదు.

పసుపు దంచినప్పటి నుంచి అప్పగింతల దాకా మన పెండ్లి నడిచేది ఆడవాళ్ల చేతుల మీద. నలుగుకు ఎవరు ముందు, ఒడిబియ్యం ఎవరు పోయాలి, ఎవరికి ఏ చీర పెట్టాలి అన్నవి వాళ్లకే తెలుసు. ఆ పని అక్కడ ఈవెంట్ మేనేజరుకు పోయింది. నలుగు హల్దీ అయింది. సంగీత్, మెహందీ కూడా వచ్చి చేరాయి. హల్దీ ఇప్పుడు కడపలోనూ చేస్తున్నారు కాబట్టి వాళ్లనొక్కరినే అనలేం. కానీ పెండ్లి పనిలో చోటు లేని తల్లికి ఆ పెండ్లి మీద మాట కూడా ఉండదు.

ఒక మంచీ ఉంది. ఖర్చు పెట్టేది పిల్లలే అయినప్పుడు అమ్మాయి జీతమూ అందులో ఉంటుంది. అందుకే ఎంతమందిని పిలవాలి, ఏం వండించాలి అన్న చోట ఆమె మాట వింటున్నారు. కానీ నేను విన్న కొన్ని సంబంధాల్లో మగపెండ్లివారి విమాన టికెట్లు ఆడపిల్లవారే కొనాలట! పేరు మారితే కట్నం కట్నం కాకుండా పోతుందా? 1961 చట్టం సముద్రం దాటినా గుర్తుంచుకోవాల్సిందే.

తలంబ్రాల బియ్యానికీ అడ్డు

ఇక అలంకారాల సంగతి. ఇక్కడ కొబ్బరి మట్టల పందిరి, అరటి చెట్లు, మామిడి తోరణాలు ఒక్క పూటలో లేస్తాయి. అక్కడ నాలుగు స్తంభాల మండపం అద్దెకు తెచ్చి హాల్లో నిలబెడతారు. హాలు గంటల లెక్క. అందుకని ముహూర్తం శనివారమో, ఆదివారమో పగటిపూట పడాలి. అర్ధరాత్రి లగ్నం అంటే కుదరదు. హోమానికి నిప్పు పెట్టనిస్తారో లేదో, బయటి వంటవాళ్లను రానిస్తారో లేదో బయానా కట్టకముందే రాతలో తీసుకోవాలి. పొగకు మోగే అలారం పైన ఉన్నప్పుడు మంత్రాలు సగంలో ఆగిపోకూడదు కదా!

చాలామంది తల్లులకు తెలియనిది బియ్యం సంగతి. ధాన్యాన్ని తినే ఖప్రా పురుగు భయంతో, మన దేశం నుంచి ప్రయాణికులు బియ్యం తేవడాన్ని అమెరికా 2011లోనే నిషేధించింది. ఇంటి నుంచి పసుపు కలిపి కట్టిన తలంబ్రాల మూట విమానాశ్రయంలోనే పోతుంది. తాజా మామిడాకులు, కరివేపాకు, పూలు, పండ్లదీ అదే దారి. చెప్పకుండా దాస్తే జరిమానా. పసుపు పొడి పంపండి, బియ్యం అక్కడే కొనుక్కుంటారు.

చీరల విషయంలో మన సీమకు లోటు లేదు. ఒంటిమిట్ట దగ్గర మాధవరం, అనంతపురం వైపు ధర్మవరం ఉన్నాయి. నగలకు ప్రొద్దుటూరు ఉంది. కొలతలు ఫోన్లో పంపితే ఇక్కడ మగ్గం వర్కు జాకెట్లు కుట్టి పార్శిల్ చేసే టైలర్లు తయారయ్యారు. ఆ పార్శిళ్లకూ దెబ్బ తగిలింది. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి తీసేసింది. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికాకు పార్శిళ్లు ఆపి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. కాబట్టి చీరలు ముందుగా, ఎవరైనా ప్రయాణమయ్యే వాళ్ల చేతికివ్వడం మేలు. నగలు తీసుకుపోయేవాళ్లు బయల్దేరే విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే, తిరిగి తెచ్చేటప్పుడు సుంకం గొడవ ఉండదు.

చీర కంటే ముందు కాగితం

పురోహితుడు మంత్రాలు చదివితే మనకు పెండ్లి అయినట్టే. అక్కడి ప్రభుత్వానికి మాత్రం లైసెన్సు కావాలి. టెక్సస్‌లోనైతే కౌంటీ ఆఫీసు లైసెన్సు ఇచ్చాక మామూలుగా 72 గంటలు ఆగాలి, 90 రోజులు దాటితే అది చెల్లదు. పెండ్లి చేయించినవాళ్లు దాని మీద సంతకం పెట్టి 30 రోజుల్లో తిరిగి పంపాలి. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో పద్ధతి. శుక్రవారం దిగి శనివారం తాళి కట్టాలంటే కుదరకపోవచ్చు.

ఆ పత్రం అమ్మాయికి ప్రాణంతో సమానం. వీసా, బ్యాంకు, ఇన్సూరెన్సు అన్నీ దాని మీదే. రేపు కాపురంలో కష్టమొస్తే తాను భార్యనని చూపించేదీ అదే. మన రాష్ట్రంలో జరిగే పెండ్లిళ్ల నమోదు తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది. విదేశంలో జరిగిన పెండ్లిని, ఇద్దరిలో ఒక్కరైనా భారత పౌరులైతే, 1969 నాటి ఫారిన్ మ్యారేజ్ యాక్టు కింద మన రాయబార కార్యాలయంలో నమోదు చేయించుకునే వీలుంది. ప్రవాస భారతీయుల పెండ్లిళ్లు 30 రోజుల్లో నమోదు చేయాలంటూ 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో బిల్లు పెట్టారు. అయిదేళ్ల తర్వాత, 2024 ఫిబ్రవరిలో, లా కమిషన్ తన 287వ నివేదికలో మళ్లీ సమగ్ర చట్టం కావాలని, నమోదు తప్పనిసరి చేయాలని అడిగింది. మళ్లీ అడగాల్సి వచ్చిందంటే మోసపోయిన ఆడపిల్లల గోడు ఇంకా తీరలేదనే కదా అర్థం.

అందుకే నా మాట ఒకటే. విదేశంలో పెండ్లి అనుకుంటే వరస మార్చండి. మొదట ఇద్దరి వీసా కాగితాలు చూసుకోండి. తర్వాత తల్లిదండ్రుల వీసా. అది వచ్చాకే హాలుకు బయానా. ఆపైన లైసెన్సు, నమోదు. చీరలు, మండపం, పూలు చివర. తల్లికి వీసా రాకుంటే ముహూర్తం కొన్నాళ్లు జరపొచ్చేమో పిల్లలు ఆలోచించాలి. జరపలేకపోతే నలుగైనా, పసుపు దంచడమైనా ఊర్లో ఆమె చేతుల మీద జరిపించి, ఆ తర్వాతే అక్కడ తాళి కట్టించండి.

ప్రధాని అడిగిన ప్రశ్న డబ్బున్నవాళ్లకు సరిపోతుంది. మా పిల్లలు పెండ్లి విదేశంలో చేసుకుంటామని కోరలేదు. ఇంటికి వచ్చి, వెళ్లే దారి నమ్మకంగా ఉంటే వాళ్లు పెండ్లిమర్రిలోనే పందిరి వేయించుకునేవాళ్లు.