చాల్‌ల మధ్య కాపలాకు చిన్న తూటాయే మేలు

1992 సెప్టెంబరు 12న ముంబయి బైకల్లాలోని జె.జె. ఆసుపత్రిలోకి చొరబడిన ముఠా ఏకే-47లతో కాల్పులు జరిపి, అక్కడ చికిత్స పొందుతున్న ప్రత్యర్థినీ, అతనికి కాపలా ఉన్న ఇద్దరు పోలీసులనూ చంపింది. కామాటిపురా గల్లీల నుంచి ఆ ఆసుపత్రికి నడిచి వెళ్లిపోవచ్చు. 2008 నవంబరు 26 రాత్రి సీఎస్‌టీ స్టేషన్లో ఇద్దరు సాయుధులు 50 మందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు రైల్వే పోలీసుల చేతుల్లో ఉన్నవి లాఠీలు, పాతకాలపు త్రీ నాట్ త్రీ రైఫిళ్లు. ఈ రెండు ఘటనల తర్వాత నగరంలో పోలీసుకు మంచి రైఫిల్ అక్కర్లేదని ఎవరూ అనలేరు. కానీ ఆ రైఫిల్లో ఏ తూటా ఉండాలన్న ప్రశ్న మాత్రం నిపుణుల గదులు దాటి మన దాకా రాలేదు. నిజానికి అది ముందుగా మన గోడల గురించిన ప్రశ్న.

దేశమంతటా పోలీసు బందోబస్తులో ఎక్కువగా కనిపించే రైఫిళ్లు రెండు. ఒకటి ఎస్ఎల్ఆర్. 1960ల నుంచి ఇషాపూర్‌లో తయారైన ఈ రైఫిల్ ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కో తూటా పేల్చి, తర్వాతి దాన్ని తానే ఎక్కించుకుంటుంది. దాని తూటా 7.62 మి.మీ. రెండోది 1990లలో సైన్యంలోకి వచ్చిన ఇన్సాస్; దానిది 5.56 మి.మీ. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవంతో త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పి ఈ రెంటికే మారారు. ఎస్ఎల్ఆర్ తూటా బరువు సుమారు 9.4 గ్రాములు, వేగం సెకనుకు 830 మీటర్ల దరిదాపు, గొట్టం నుంచి బయటపడేటప్పుడు దాని శక్తి 3,200 జౌళ్ల పైమాట. ఇన్సాస్ తూటా 4 గ్రాములే. సెకనుకు 900 మీటర్ల వేగంతో వెళ్లినా దాని శక్తి అందులో సగమే. ఏకే-47 తూటా కూడా 7.62 మి.మీ.లదే కానీ దాని తొడుగు పొట్టిది, మందు తక్కువ, శక్తి 2,000 జౌళ్ల చుట్టూ ఉంటుంది. అంటే ఉగ్రవాది చేతిలోని ఏకే కంటే మన కానిస్టేబుల్ చేతిలోని ఎస్ఎల్ఆర్ తూటా చాలా బలమైనది. ఆ బలం ఎక్కడికి పోతుందన్నదే అసలు ప్రశ్న.

18వ శతాబ్దం చివర నుంచి నైజాం ప్రాంతపు తెలుగు కూలీలు, మేస్త్రీలు వచ్చి స్థిరపడి, తమ పేరునే పేటకు ఇచ్చిన చోటు కామాటిపురా. అక్కడి పాత భవనాలు చాలావాటికి ఎముకలు కర్రవే. కర్ర దూలాలు, కర్ర మెట్లు, చెక్క అంతస్తులు. లోపల ఒక్క ఖోలీని, అంటే గదిని, రెండు మూడు కుటుంబాలు పంచుకోవడానికి ప్లైవుడ్, రేకులతో అడ్డుగోడలు. పైన మాళా అనే అటక మీద పిల్లలు పడుకుంటారు. వర్లీలోని బీడీడీ చాల్‌లు అనే పాత కార్మిక నివాసాల్లో గదులు సుమారు 160 చదరపు అడుగులు. మిల్లుల్లో మగ్గాలు నడిపిన మన పద్మశాలీ కుటుంబాలు తరాల తరబడి అంత చోటులోనే బతికాయి. ఇలాంటి చోట గురి తప్పిన తూటా అయినా, మనిషిని దాటిపోయిన తూటా అయినా ఖాళీ జాగాలోకి వెళ్లదు. ప్లైవుడ్డూ రేకూ దేన్నీ ఆపవు. గల్లీ వెడల్పు చూస్తే కాల్పులు జరిగే దూరం పది, ఇరవై మీటర్లకు మించదు. ఎస్ఎల్ఆర్‌ను తయారుచేసింది బహిరంగ మైదానంలో వందల మీటర్ల దూరాన ఉన్న శత్రు సైనికుడి కోసం. ఆ దూరంలో అక్కరకొచ్చే శక్తి, ఈ దూరంలో లక్ష్యం వెనక ఎవరున్నారో చూడని శక్తి అవుతుంది.

గురి తప్పడం అరుదని అనుకోవడం కూడా తప్పు. 2012 ఆగస్టు 24న న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ భవనం ముందు ఇద్దరు పోలీసులు ఒక హంతకుడిపై 16 తూటాలు కాల్చారు. గాయపడిన తొమ్మిది మంది దారిన పోయేవాళ్లకూ ఆ గాయాలు పోలీసు తూటాల వల్ల, వాటి శకలాల వల్ల అయినవే. వాళ్లు వాడినవి పిస్తోళ్లు, కాల్చింది కొద్ది అడుగుల దూరం నుంచి. ఆ పిస్తోళ్ల స్థానంలో ఎస్ఎల్ఆర్, ఆ కాలిబాట స్థానంలో కామాటిపురా పదమూడో గల్లీ అయితే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. అందుకే ముంబయి చాల్‌ల మధ్య బీటు తిరిగే పోలీసుకు ఈ రెంటిలో 5.56 ఇవ్వాలంటాను, ఎస్ఎల్ఆర్‌ను వీధి బందోబస్తు నుంచి తప్పించాలంటాను.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం బలమైనది: సైన్యమే మళ్లీ 7.62కి తిరిగిపోయింది కదా? నిజమే. 2019 ఫిబ్రవరిలో 72,400 సిగ్-716 రైఫిళ్లకు ఒప్పందం కుదిరింది. అవి ఎస్ఎల్ఆర్ పరిమాణపు తూటానే కాలుస్తాయి. 2021 డిసెంబరులో అమేఠీ జిల్లా కోర్వాలో 6 లక్షలకు పైగా ఏకే-203లు తయారుచేసే ఒప్పందమూ జరిగింది. నియంత్రణ రేఖ వెంట కొండ ఎదుటి వాలు మీద ఉన్నవాణ్ణి ఒక్క తూటాతో లేవకుండా చెయ్యాలన్న సైనికుడి అవసరం న్యాయమైనది. అయితే ఆ సైనికుడి ఎదుట కొండ ఉంటుంది, కానిస్టేబుల్ ఎదుట వంటిల్లు ఉంటుంది. పైగా ఇన్సాస్ మీద కార్గిల్ నాటి నుంచి వచ్చిన ఫిర్యాదులు, పగిలే మ్యాగజైన్లు మొదలైనవి, ఆ రైఫిల్ నిర్మాణం మీదివే. 5.56 తూటానే వాడే మెరుగైన రైఫిళ్లు ప్రపంచంలో కావలసినన్ని ఉన్నాయి. రైఫిల్ లోపాన్ని తూటా మీద వెయ్యకూడదు.

రెండో అభ్యంతరం: 5.56 కూడా ప్లైవుడ్‌ను దాటుతుంది, మరి తేడా ఏముంది? దాటుతుంది, ఇందులో దాచేదేమీ లేదు. కానీ తేలికైన తూటా ఏదైనా తగలగానే వంకర తిరిగి, తరచూ ముక్కలై, శక్తిని త్వరగా పోగొట్టుకుంటుంది. బరువైనది దాదాపు తిన్నగానే సాగుతుంది. ఇక్కడ క్యాలిబర్ ఒక్కటే చాలదు, తూటా రకమూ చూడాలి. నాటో ప్రమాణపు 5.56 సైనిక తూటా ముక్కులో ఉక్కు ముక్క ఉంటుంది. దూరాన ఉన్నవాడి హెల్మెట్‌ను చీల్చడం దాని పని. అదే తూటాను గల్లీలో వాడితే చిన్న క్యాలిబర్ వల్ల కలిగే లాభంలో కొంత పోతుంది. అనేక దేశాల పోలీసులు శరీరంలో విచ్చుకుని అక్కడే ఆగే తూటాలు వాడతారు. అలాంటివాటిని 1899 నాటి హేగ్ ప్రకటన నిషేధించింది; కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలో తయారైన తూటాలే అందుకు కారణం. ఆ నిషేధం దేశాల మధ్య యుద్ధాలకు సంబంధించినది. తగిలినవాడికి గాయం ఘోరంగా ఉంటుంది కాబట్టి వైద్యులు, న్యాయమూర్తులు కూర్చుని తేల్చాల్సిన విషయమిది. కనీసం ఉక్కు ముక్కు తూటాను నగర పోలీసుకు ఇవ్వకుండా ఉండటానికి ఏ చర్చా అక్కర్లేదు.

ఏకేతో వచ్చేవాడి ముందు చిన్న తూటాతో నిలబడితే పోలీసు ప్రాణం ఏం కావాలి? ఇది మూడో అభ్యంతరం, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సీఎస్‌టీపై దాడి జరిగిన రాత్రే చౌపాటీ దగ్గర పోలీసు తుకారాం ఓంబ్లే ఉత్త చేతులతో ఉగ్రవాది కసబ్ రైఫిల్‌ను పట్టుకుని ప్రాణం ఇచ్చాడు. అలాంటి త్యాగం మరో పోలీసును అడిగే హక్కు మనకు లేదు. కానీ ఇరవై మీటర్లలో తగిలిన 5.56 తూటా మనిషిని నేలకూల్చడానికి చాలినంత శక్తి కలది. పోలీసును కాపాడేది తూటా తగలడం. ఎస్ఎల్ఆర్ భుజాన్ని వెనక్కి తన్నే తన్ను ఎక్కువ, రెండో తూటాకు గురి కుదరడానికి సమయం పడుతుంది. ఇన్సాస్ తన్ను అందులో సగమైనా ఉండదు. ఒక్కో 7.62 తూటా తొడుగుతో కలిపి 24 గ్రాములు, 5.56 అయితే 12. మోసే బరువు అంతే ఉన్నా రెట్టింపు తూటాలు చేతిలో ఉంటాయి. ఎప్పుడో గాని తుపాకీ ఎత్తని కానిస్టేబుల్‌కు ఈ తేడా చాలా పెద్దది.

ఎప్పుడో గాని ఎత్తడు అన్నదే మరో చిక్కు. 26/11 దాడులపై వేసిన రామ్ ప్రధాన్ కమిటీ 2009లో నివేదిక ఇస్తూ, ముంబయి పోలీసులకు ప్రాక్టీసుకు తూటాలు చాలడం లేదన్న సంగతి ఎత్తిచూపింది. చేతికి అలవాటు లేని ఏ రైఫిలైనా చాల్‌లో ఉన్నవాళ్లకు ప్రమాదమే. కాబట్టి ఎస్ఎల్ఆర్ స్థానంలో 5.56 ఇచ్చే ఉత్తర్వు వచ్చిన రోజున అందులో రైఫిళ్ల సంఖ్యతో పాటు మరో రెండు విషయాలు రాసి ఉండాలి: ఏ రకం తూటా, ఒక్కో కానిస్టేబుల్ ఏడాదికి ఎన్ని తూటాలు కాల్చి గురి చూపించాలి.