పెట్టె మనదే, తాళంచెవి ఎవరిది?



మా పాఠశాల ప్రయోగశాలలో, గాజు బీరువా పై అరలో, అయస్కాంతాలకూ స్ప్రింగు త్రాసులకూ పక్కన ఒక రేడియో ఉంది. ఏటా తరంగాల పాఠం వచ్చినప్పుడు దాన్ని కిందికి దించి, బల్లమీద పెట్టి, మీట నొక్కుతాను. దీపం వెలుగుతుంది. గాజుపలక మీద అక్షరాలు వస్తాయి. పాట మాత్రం రాదు. "పాడైపోయింది సార్" అంటారు పిల్లలంతా ఒక్కసారిగా. పాడవలేదు. అందులో ఒక్క తీగ తెగలేదు, ఒక్క భాగం కాలలేదు. అయినా 2009 డిసెంబరు 31 దాటిన తర్వాత అది ఒక్క మాట కూడా పలకలేదు. ఇదేం విడ్డూరమో చెబుతాను. ఇలాంటి పెట్టె రేపో మాపో మీరూ కొంటారు. కొందరి ఇళ్లలో ఇప్పటికే ఉండి ఉంటుంది కూడా.

ఆ రేడియో నాది కాదు. మా మారేడ్‌పల్లిలో రైల్వే ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయనది. ఆయనకు కర్ణాటక సంగీతమంటే ప్రాణం. మామూలు రేడియోలో సంగీతం వచ్చే వేళ కోసం కనిపెట్టుకుని ఉండవలసి వస్తుంది గదా! ఉపగ్రహ రేడియోలో అలా కాదు, రాత్రింబగళ్లూ వస్తూనే ఉంటుందని విని, 'వరల్డ్‌స్పేస్' అనే సంస్థ ప్రసారాలు అందుకునే ఈ సెట్టు కొన్నారు. ఉదయం 'శ్రుతి' చానల్లో కచేరీలు వినేవారు. మధ్యాహ్నం ఇంటావిడ 'స్పందన' పెట్టుకునేది. అది తెలుగు పాటల చానలు. హిందుస్తానీకి 'గాంధర్వ్', పాత హిందీ పాటలకు 'ఫరిష్తా', ఇలా ఇంకా ఎన్నో ఉండేవి. గరగర లేదు, గాలివాన వస్తే వచ్చే చిటపటలు లేవు. నేనూ సాయంత్రం పూట వెళ్లి కూర్చుని విన్నవాణ్నే.

ఈ పాట ఎక్కణ్నుంచి వచ్చేదో చూద్దాం. ఇథియోపియాలో పుట్టిన నోవా సమారా అనే ఆయన 1990లో స్థాపించిన సంస్థ ఇది. దాని 'ఏషియాస్టార్' ఉపగ్రహాన్ని 2000 మార్చి 21న దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి ఏరియాన్-5 రాకెట్టు మోసుకుపోయింది. భూమధ్యరేఖకు పైన, 105 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, సుమారు 35,800 కి.మీ. ఎత్తున దాన్ని నిలిపారు. అక్కడ ఉపగ్రహం భూమి చుట్టూ తిరగడానికి పట్టే కాలమూ, భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టే కాలమూ ఒక్కటే. అందువల్ల మనకు అది కదలకుండా నిలిచినట్టు ఉంటుంది.

మీరు మారేడ్‌పల్లిలో ఒక డాబా మీద తూర్పు ముఖంగా నిలబడ్డారనుకోండి. దక్షిణం వైపు ఒక 31 డిగ్రీలు తిరగండి. చెయ్యి చాచి, నేలకు 53 డిగ్రీల ఎత్తు లేపండి. మీ వేలు ఏషియాస్టార్ ఉన్న చోటును చూపిస్తుంది. కోణమానిని, దిక్సూచి ఉంటే చాలు, ఈ పని మీరే చేయవచ్చు. అక్కణ్నుంచి మన దాకా దూరం దాదాపు 36,900 కి.మీ. పాట కిందినుంచి పైకి పోయి మళ్లీ దిగి రావడానికి పావు సెకను పడుతుంది.

పెద్దాయన సెట్టుకు అరచేయంత పలక ఒకటి ఉండేది. అదే ఏంటెన్నా. కిటికీలో పెట్టి ఆగ్నేయం వైపు తిప్పారు. మొదటి ఏడాది బాగానే పలికింది. రెండో వర్షాకాలం వెళ్లేసరికి తెగి తెగి రావడం మొదలైంది. నన్ను పిలిచారు. సెట్టు కాదు, కారణం వేపచెట్టు! కొమ్మ ఒకటి ఏపుగా పెరిగి కిటికీకి అడ్డం వచ్చింది. మా పేటలో చెట్లు దండిగా ఉండేవి. అపార్టుమెంట్లు లేచాక తగ్గాయనుకోండి, అది వేరే ఏడుపు.

చెట్టు అడ్డమైతే మామూలు రేడియో ఆగదు గదా, ఇదెందుకు ఆగాలి? లెక్క వేయండి. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కి.మీ. పోతుంది. ఆ వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. నా చిన్నతనంలో హైదరాబాదు కేంద్రాన్ని మీడియం వేవులో 738 కిలోహెర్ట్జ్ దగ్గర వినేవాళ్లం. దాని తరంగదైర్ఘ్యం 406 మీటర్లు. అంత పొడుగు తరంగానికి చెట్టు ఎంత, మేడ ఎంత! చుట్టుకుని వచ్చేస్తుంది. ఉపగ్రహ రేడియో సుమారు 1,480 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేది. తరంగదైర్ఘ్యం 20 సెంటీమీటర్లు, అంటే మీ స్కేలుకన్నా పొట్టి. అది దాదాపు వెలుతురులాగా తిన్నగా పోతుంది, అడ్డం వచ్చిన దానికి నీడ పడుతుంది. పైగా ముప్పై ఏడు వేల కిలోమీటర్లు వచ్చి బాగా నీరసించి ఉంటుంది. తడి ఆకుల గుబురు చాలు దాన్ని మింగడానికి. పెద్దాయన కొమ్మ కొట్టించడానికి ఒప్పుకోలేదు. పలకనే పిట్టగోడ మీదికి మార్చాం.

ఇక అసలు సంగతికి వస్తాను. ఉపగ్రహం నుంచి పాట అందరి ఇళ్ల మీదా ఒకేలా కురుస్తుంది. చందా కట్టినవాడి ఇంటి మీద ఒకలాగా, కట్టనివాడి ఇంటి మీద ఒకలాగా కురవడం దానికి చేతకాదు. మరి కట్టనివాడికి వినపడకుండా చేయడమెలా? పాటను అంకెలుగా మార్చి, ఆ అంకెలను ఒక రహస్య పద్ధతిలో కలగాపులగం చేసి పంపుతారు. ప్రతి సెట్టుకూ ఒక సొంత సంఖ్య ఉంటుంది. మీరు చందా కట్టి ఆ సంఖ్య చెబితే, "ఫలానా సంఖ్య గల సెట్టు తాళం తీయవచ్చు" అనే ఆజ్ఞ పాటలతోబాటు ఆకాశం నుంచే వస్తుంది. తక్కిన సెట్లు ఆ ఆజ్ఞను విననట్టే ఊరుకుంటాయి. మీ సెట్టు మాత్రం తాళం తీస్తుంది. చందా గడువు దాటితే తాళం పడుతుంది.

ఇందులో ఒక మంచి కూడా ఉంది. మీ సెట్టు వినగలదే గాని తిరిగి మాట్లాడలేదు. పెద్దాయన ఏ రాగం విన్నారో, ఎన్నింటికి నిద్రపోయారో సంస్థకు తెలిసే దారి లేదు. ఈనాటి ఫోను అలా కాదు. మీరు ఏ పాట సగంలో ఆపారో కూడా దానికి తెలుసు.

వరల్డ్‌స్పేస్ ఖర్చులు చందాలతో పూడలేదు. 2008 అక్టోబరులో అమెరికాలో దివాలా పిటిషను వేసింది. 2009 డిసెంబరు ఆఖరుతో భారతదేశంలో ప్రసారాలు నిలిచిపోయాయి. కొత్త సంవత్సరం నాడు పెద్దాయన కబురు పెడితే వెళ్లాను. "మాస్టారూ, మీ సైన్సుతో దీనికేమైనా చేయవచ్చునా?" అన్నారు. సెట్టు విప్పి చూశాను. విద్యుత్తు వస్తోంది, స్పీకరు బాగుంది, అన్నీ బాగున్నాయి. పైనుంచి ఏమీ రావడం లేదు, అంతే. మూసేసి, స్క్రూలు బిగించి, "దీనికే రోగమూ లేదండీ" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకే ఎలాగో అనిపించింది. కొన్నాళ్లకు ఆయనే తెచ్చి మా ప్రయోగశాలకు ఇచ్చారు.

చందా అంటేనే చెడ్డదని నేననను. మీరు ఈ పత్రికకు చందా కట్టి ఉంటారు. రేపు పత్రిక ఆగిపోయినా (ఆగకూడదనే కోరుకుందాం) పాత సంచికలు మీ అలమరలో ఉంటాయి. వాటికెవరూ తాళం వేయలేరు. ఇంకో సంగతి. నా చిన్నప్పుడు, 1980ల వరకూ, మామూలు రేడియోకు కూడా లైసెన్సు ఉండేది. మా నాన్నగారు ఏటా ఒక చిన్న పుస్తకం పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లి రుసుము కట్టి వచ్చేవారు. కట్టకపోతే తప్పు, జరిమానా పడవచ్చు. అయితే రేడియో మాత్రం పలుకుతూనే ఉండేది! చట్టం మనిషిని అడుగుతుంది. తాళం మనిషిని అడగదు, పెట్టెనే ఆపేస్తుంది. ఈ రెంటికీ తేడా ఉందంటాను నేను.

పెట్టెలు ఇలా మూగబోవడం మన రాష్ట్రంలో అంతకు ముందూ ఒకసారి జరిగింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా 'సైట్' అనే ప్రయోగం చేశారు. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టెలివిజన్ వచ్చింది. ఆనాటి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. కోళ్లగూటికి కట్టే ఇనుప వల వంటి వలతో మూడు మీటర్ల ఏంటెన్నాలు చేశారు. పల్లెవాళ్లు చందా కట్టనక్కర లేకపోయింది. ఏడాది కాగానే ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకున్నారు. కాని ఏడాదేనని మొదటే చెప్పారు. ఎరువు సొమ్మని తెలిసే వాడుకున్నాం, పని నేర్చుకున్నాం, 1983లో మన సొంత ఇన్సాట్-1బి ఆకాశంలో నిలిచింది. ఫలానా రోజున ఆగుతుందని ముందే తెలిసిన పెట్టె వేరు, నడిచినన్నాళ్లు నడుస్తుందిలే అనుకుని కొన్న పెట్టె వేరు.

మా గణితం మాస్టారు నాతో వాదిస్తారు. "సినిమా టికెట్టు కొంటే సినిమాను ఇంటికి తెచ్చుకుంటామా? విన్నన్నాళ్లు విన్నారు, అయిపోయింది" అంటారు. నిజమే. కాని సినిమాహాలువాడు మనచేత కుర్చీ కొనిపించడు గదండీ! ఇక్కడ కుర్చీ మనమే కొనాలి. ఆ కుర్చీ ఇంకో హాల్లో పనికి రాదు. నా అభ్యంతరం చందా మీద కాదు, ఆ కుర్చీ మీద.

అమెరికాలో ఉపగ్రహ రేడియో ఇప్పటికీ నడుస్తోంది. డల్లస్‌లోనో న్యూజెర్సీలోనో మీ బంధువులుంటే వాళ్ల కారులో ఉండే ఉంటుంది. అక్కడ ఎక్స్‌ఎం 2001లో, సిరియస్ 2002లో మొదలయ్యాయి. ఒకదాని సెట్టు రెండోదానికి పనికి వచ్చేది కాదు. ఏ కారు కొంటే ఆ కంపెనీ కట్టుకున్న చందాయే గతి. 2008లో రెండూ కలిసిపోయాయి. నగరాల్లో మేడల నీడ పడేచోట ప్రసారాన్ని అందించడానికి భూమి మీద కూడా చిన్న ప్రసార కేంద్రాలు పెట్టుకున్నారు. గంటలకొద్దీ కారులో పోయేవారు చందా కడతారు. మన దగ్గర అలాంటి కేంద్రాలు రాలేదు. సెట్టు కిటికీనే పట్టుకుని ఉండాల్సి వచ్చింది. దానికి తోడు 2006లో హైదరాబాదుకు ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు వచ్చి ఉచితంగా పాటలు వినిపించసాగాయి.

అందుచేత ఇంట్లో ఏదైనా చందా పెట్టె కొనే మాట వస్తే, పెద్దవాళ్లు చానళ్ల జాబితా చూస్తున్నప్పుడు మీరు ఒక లెక్క వేసి చూపించండి. పెట్టె 3,000 రూపాయలు, ఏడాది చందా 1,800 అనుకుందాం. ఐదేళ్లకు 12,000 అవుతుంది. అందులో పెట్టె పాలు నాలుగో వంతే! చవకగా ఇస్తున్నాడని మురిసిపోయే పెట్టె వెనక మూడు వంతులు దాగి ఉన్నాయి. మూడేళ్లకు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటారు. ఆ తగ్గింపు ఊరికే రాదు, మూడేళ్లూ ఆ సంస్థ బతికి ఉంటుందన్న పూచీ మన నెత్తిన వేసుకున్నందుకు వస్తుంది. నేనైతే కాస్త ఎక్కువైనా కొద్దికాలానికే కడతాను. చందా మానేసిన మర్నాడు ఆ పెట్టె ఇంకెందుకైనా పనికివస్తుందా అని దుకాణంవాణ్ని అడగండి. మీ తాతగారి ఎఫ్.ఎం. రేడియో ఏ కంపెనీదైనా 102.8 దగ్గర వివిధ భారతి పలుకుతుంది; దానికెవరి అనుమతీ అక్కరలేదు. దూరదర్శన్ వారి ఉచిత డిష్ ఉన్న ఇంట్లో ఆకాశవాణి చానళ్లు ఉపగ్రహం నుంచే వస్తాయి, చందా లేకుండా. ఈ సంగతి తెలియని ఇళ్లు ఎన్నో!

క్రిందటేడు పాఠం అయ్యాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "సార్, మా ఇంట్లో టీవీ కింద ఉన్న పెట్టె మాదా, కంపెనీదా?" అని అడిగింది. నాకు తెలియదమ్మా, కాగితం తెచ్చి చూపించు అన్నాను. మర్నాడు ఒప్పంద పత్రం తెచ్చింది. వెనక పేజీలో అక్షరాలు చీమతలకాయలంత ఉన్నాయి. ప్రయోగశాలలోని భూతద్దాలన్నీ బయటికి తీశాం. తరగతంతా కలిసి ఆ పేజీ చదవడానికి ఒక పీరియడు పూర్తిగా పట్టింది. ఇంకా నాలుగు పంక్తులు మిగిలి ఉండగా గంట కొట్టారు.